చేపల పులుసూ, మందు బిళ్ళా



ఈసారి మీకో చరిత్ర చెబుదామనుకుంటున్నాను. చరిత్ర అనగానే రాజులు, కోటలు, దండయాత్రలు అనుకునేరు. అవేమీ లేవు. ఇది ఒక చిన్న పదార్థం చరిత్ర. దాన్ని కళ్ళతో చూడలేం, వాసన పట్టలేం. మన ఒంట్లోనే పుడుతుంది, మన వంటింట్లోకీ వస్తుంది. దాని పేరు హిస్టమిన్. కథ చేపల పులుసుతో మొదలవుతుంది. "మేం చేప ముట్టమమ్మా" అనేవాళ్ళు పేజీ తిప్పెయ్యకండి. దోమ కుట్టిన చోట లేచే దద్దురు దగ్గరనుంచి జలుబు బిళ్ళ దాకా ఇందులో అందరికీ భాగం ఉంది.

మాది విశాఖపట్నం. మా చిన్న తోటికోడలికి రెండేళ్ళ కిందట క్షయ అని తేలింది. ఏడ్చింది, మేమూ ఏడ్చాం. తరవాత ధైర్యం తెచ్చుకుని మందులు మొదలుపెట్టాం. ఆరు నెలల కోర్సు, రోజూ పరగడుపున బిళ్ళలు. మొదటి నెలలోనే దగ్గు తగ్గి, నాలుగు మెతుకులు తినడం మొదలుపెట్టింది. రెండో నెలలో ఒక ఆదివారం చేపల పులుసు తినాలని ఉందంది. నోరు తెరిచి అడిగింది కదా అని నేనే బజారుకి వెళ్ళాను. అప్పటికే మధ్యాహ్నం కావస్తోంది. ఎండాకాలం. ఒకామె గంపలో కానాగంతలు మిగిలాయి. ఐసు లేదు. పైన తడి గోనె కప్పి ఉంది. "అన్నీ తీసుకో అమ్మా, సగం ధరకిస్తా" అంది. తీసుకున్నాను. మొప్పలెత్తి చూశాను కూడా, మరీ పాడైనట్టు కనిపించలేదు. పులుసు పెట్టాను, ఆరుగురం తిన్నాం.

అరగంట కాలేదు, పిల్ల ముఖం కుంకుమ పూసినట్టయింది. మెడ, చెవులు, కళ్ళు అన్నీ ఎరుపే. తల పగిలిపోతోందక్కా, గుండె దడదడలాడుతోందక్కా అని నా చెయ్యి పట్టుకుంది. మాకెవరికీ అంత కాలేదు. నా నాలుక మీద మిరియాలు నమిలినట్టు చిమచిమలాడింది, మా చిన్నవాడికి వీపు మీద నాలుగు దద్దుర్లు లేచాయి, అంతే. సాయంత్రానికి ఆమెకీ తగ్గిపోయింది. అయితే మా అత్తయ్యగారు తీర్పు చెప్పేశారు: "అందరం తిన్నాం, దానికొక్కదానికే ఎందుకయింది? ఆ బిళ్ళలు వేడి చేశాయి. ఆపెయ్యండి." నేనూ నోరు మూసుకున్నాను. పులుసు పెట్టింది నేను కదా, తప్పు బిళ్ళల మీదికి పోతే నాకు కొంచెం నిశ్చింతగానే ఉందని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

పదకొండు రోజులు ఆమె మందు వేసుకోలేదు. క్షయ మందు మధ్యలో ఆపితే ఏమవుతుందో మీకు తెలుసు. రోగం తిరగబడుతుంది, తిరగబడ్డ రోగానికి పాత మందు పనిచెయ్యకపోవచ్చు. బిళ్ళలు తీసుకుపోలేదేమని ఆరోగ్య కేంద్రంనుంచి నర్సమ్మ వెతుక్కుంటూ వచ్చింది. ఆమె వెంట వెళితే అక్కడి లేడీ డాక్టరు, చిన్నపిల్లే, మా గోడంతా విని ఒకే ప్రశ్న వేసింది: "ఆ రోజు ఏం తిన్నావమ్మా?"

కానాగంతల పులుసు అన్నాం. ఆమె తలాడించి, "హిస్టమిన్" అంది. ఆ మాట పట్టుకుని నేను తరవాత చదివినదీ, అడిగి తెలుసుకున్నదీ ఇప్పుడు మీకు చెబుతున్నాను.

హిస్టమిన్ మొదట చేపలో దొరకలేదు. 1907లో జర్మనీలో విండౌస్, వోగ్ట్ అనే ఇద్దరు రసాయన శాస్త్రజ్ఞులు దాన్ని ప్రయోగశాలలో తయారుచేశారు. అదెందుకు పనికొస్తుందో వాళ్ళకీ తెలియదు. సీసాలో పోసి పక్కన పెట్టారు. మూడేళ్ళ తరవాత ఇంగ్లండులో హెన్రీ డేల్ అనే డాక్టరు చేతికి అదే పదార్థం మరో దారిన వచ్చింది. ఆ దారి మన ఆడవాళ్ళకి సంబంధించినదే. అక్కడ రై అని ఒక ధాన్యం. ఆ కంకులకి ఎర్గాట్ అనే బూజు తెగులు పట్టి, గింజ స్థానంలో నల్లని కొమ్ముల్లాంటివి వస్తాయి. మన సజ్జ కంకులకి వచ్చే తేనెబంక తెగులు ఆ జాతిదే. ఆ నల్లకొమ్ముల్ని యూరపులో మంత్రసానులు కాన్పు త్వరగా కావడానికి వాడేవారు. గర్భసంచిని బిగిస్తుందన్నమాట. అందులో ఏముందో తేల్చమని వెల్‌కమ్ కంపెనీ యజమాని డేల్‌ని అడిగాడు. డేల్‌కి మొదట ఆ పని పెద్దగా ఇష్టం లేదట. ఇష్టంలేని పనిలోనే ఆయనకి జీవితమంతటికీ సరిపడా పరిశోధన దొరికింది.

1910లో జార్జి బార్జర్, డేల్ కలిసి ఎర్గాట్ నుంచి ఈ పదార్థాన్ని వేరుచేశారు. డేల్, లెయిడ్లా అనే మరో డాక్టరు కలిసి దాన్ని జంతువుల రక్తంలోకి ఎక్కించి చూశారు. రక్తపు పోటు పడిపోయింది, గర్భసంచి బిగుసుకుంది, గినీ పందులకి ఊపిరితిత్తుల గొట్టాలు మూసుకుపోయి ఊపిరాడలేదు. కొందరికి కొన్ని పదార్థాలు పడక ప్రాణం మీదికి వచ్చే స్థితిని అప్పటికే వైద్యులు ఎరుగుదురు. ఇవీ ఆ లక్షణాలే అని డేల్ గుర్తుపట్టాడు. అదే సంవత్సరం జర్మనీలో అకర్‌మన్ అనే ఆయన ఇంకొకటి చూపించాడు: మాంసకృత్తుల్లో ఉండే హిస్టిడిన్ అనే ముక్కని కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు హిస్టమిన్‌గా మారుస్తాయని. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. నేను కొన్న కానాగంతల గుట్టు అక్కడే ఉంది.

మరి ఇది కుళ్ళులో పుట్టేదేనా, బతికున్న ఒంట్లో కూడా ఉంటుందా? దీని మీద చాలాకాలం తర్జనభర్జనలు జరిగాయి. 1927లో డేల్, బెస్ట్ మొదలైనవాళ్ళు తాజా ఊపిరితిత్తినుంచి, కాలేయంనుంచి హిస్టమిన్ తీసి చూపించారు. గ్రీకులో హిస్టోస్ అంటే కణజాలం, ఒంటి నేత అనుకోండి. ఆ పేరు అలా సార్థకమైంది. ఆ ఏడే లండన్‌లో థామస్ లూయిస్ అనే వైద్యుడు చర్మం గురించి పెద్ద పుస్తకం వేశాడు. ఆయన చేసిన పరీక్ష మీరూ ఇప్పుడే చెయ్యొచ్చు. గోటితో ముంజేతి మీద కాస్త గట్టిగా ఒక గీత గీసుకోండి. ముందు ఎర్రగీత వస్తుంది, తరవాత చుట్టూ ఎరుపు పాకుతుంది, కొందరికి గీత పొడుగునా ఉబ్బుతుంది. చర్మంలోనుంచి హిస్టమిన్ లాంటిదేదో ఊడిపడటం వల్లే ఈ మూడూ జరుగుతున్నాయని ఆయన చెప్పాడు. దోమ కుట్టినా, చెట్టు దురదగుండాకు తగిలినా అంతే.

అది ఏ గదిలో దాక్కుని ఉంటుందో తేలడానికి ఇంకో పాతికేళ్ళు పట్టింది. 1878లోనే పాల్ ఎర్లిక్ అనే జర్మన్ విద్యార్థి మైక్రోస్కోపులో గింజలు గింజలుగా నిండిన కణాలు చూసి, ఇవి బాగా మేసిన కణాలు అనుకుని మాస్ట్ కణాలు అని పేరు పెట్టాడు. మేపిన పశువుని అలా అంటారట వాళ్ళ భాషలో. అవి మేసి నిండినవి కావనీ, హిస్టమిన్ నింపుకున్న గాదెలనీ 1953లో రైలీ, వెస్ట్ అనేవాళ్ళు స్కాట్లాండులో కనిపెట్టారు.

ఇక్కడ ఒక ఆడకూతురి సంగతి చెప్పకుండా ముందుకి పోను. హిస్టమిన్‌కి విరుగుడు మందు కోసం 1937లో ప్యారిస్‌లోని పాశ్చర్ సంస్థలో డేనియల్ బోవే దగ్గర ఆన్ మరీ స్టౌబ్ అనే యువతి పనిచేసింది. గినీ పందులకి చావు తప్పించిన మొట్టమొదటి విరుగుళ్ళు ఆ ఇద్దరి చేతుల్లోనివే. అవి మనుషులకి ఇవ్వలేనంత విషంగా ఉన్నాయి. 1942లో మనుషులకి ఇవ్వదగ్గ మొదటి మందు వచ్చింది. దద్దుర్లకీ, తుమ్ములకీ మనం వేసుకునే బిళ్ళలన్నీ దాని సంతానమే. 1957లో నోబెల్ బహుమతి బోవేకి వచ్చింది. స్టౌబ్ పేరు పుస్తకాల్లో ఒక వాక్యంగా మిగిలింది. అలాంటి వాక్యాలు మనకి అలవాటే.

సరే, అసలు ప్రశ్నకి వద్దాం. ఇంత బలమైన పదార్థం ఒంట్లోనూ తిండిలోనూ ఉంటే మనం రోజూ ఎర్రబడి పడిపోవాలి కదా, ఎందుకు పడిపోవడం లేదు?

చార్లెస్ బెస్ట్ అని ఇందాక చెప్పాను చూడండి, 1921లో బాంటింగ్‌తో కలిసి ఇన్సులిన్ కనిపెట్టిన కుర్రవాడే ఆయన. ఆయన ఊపిరితిత్తి ముక్కల్ని నూరి, వెచ్చగా ఉంచి, రోజులు గడిచాక చూస్తే అందులో ఉండవలసిన హిస్టమిన్ మాయమైపోతోంది. దాన్ని 1929లో ప్రకటించాడు. ఎవరో తినేస్తున్నారన్నమాట. మరుసటి ఏడు కెనడాలో ఆయనా, మెక్‌హెన్రీ అనే ఆయనా ఆ తినేదాన్ని వెంటాడి, మూత్రపిండంలోనూ పేగులోనూ అది జాస్తిగా ఉందని తేల్చి, హిస్టమినేజ్ అని పేరుపెట్టారు. అది ఒక ఎంజైము. పెరుగులో తోడు ఎలా పనిచేస్తుందో అలా, తాను ఖర్చు కాకుండా పని జరిపించేదని అనుకోండి, పోలిక పూర్తిగా కుదరకపోయినా. 1938లో స్విట్జర్లాండులో ఆల్బర్ట్ జెల్లర్ దానికి డయమీన్ ఆక్సిడేజ్ అనే పెద్ద పేరు పెట్టాడు. ఇప్పటికీ అదే చెలామణీ అవుతోంది. జెల్లర్ పేరు కూడా గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాడు.

ఆ ఎంజైము పేగు గోడలో కాపలా ఉంటుంది. మనం తిన్నదాంట్లో ఉన్న హిస్టమిన్ రక్తంలో కలవకముందే గుమ్మం దగ్గరే పట్టుకుని విరిచేస్తుంది. అది దాటి లోపలికి వచ్చినదాన్ని కణాల లోపల ఉండే ఇంకో ఎంజైము పని పడుతుంది. ఈ రెండో దారిని 1950ల్లో అమెరికాలో తేల్చారు. అందుకే హిస్టమిన్ సూదితో ఎక్కిస్తే అతి కొద్దిగానే గుండెలదరగొడుతుంది, నోటితో మింగితే అంతకి ఎన్నో రెట్లయినా ఊరికే పోతుంది.

కడుపుతో ఉన్నప్పుడు ఈ కాపలా ఎంత పెరుగుతుందో తెలిస్తే ఆశ్చర్యపోతారు. మాయలో ఈ ఎంజైము బాగా ఉందని 1937లో గుర్తించారు. మాయ పెరిగే కొద్దీ తల్లి రక్తంలో ఇది మామూలుకన్న కొన్ని వందల రెట్లు పెరుగుతుంది. గర్భసంచిని బిగించే పదార్థం కదా హిస్టమిన్, బిడ్డ చుట్టూ ప్రకృతి గట్టి కంచె వేసుకుందని శాస్త్రజ్ఞులు అనుకుంటారు. కాన్పయి మాయ పడిపోగానే ఆ కంచె కొద్ది రోజుల్లో తీసేసినట్టయిపోతుంది. బాలింతకి పథ్యం పెట్టిన మన పెద్దవాళ్ళకి ఇదంతా తెలుసునని మాత్రం నేను అనను. తెలిసీ తెలియక పెట్టిన పథ్యాల్లో అనవసరంగా పస్తులున్న బాలింతలు కూడా ఉన్నారు.

ఇప్పుడు చేప దగ్గరికి. సముద్రంలో దూరాలు ఈదే చేపలకి, అంటే సూర, కానాగంత, కవ్వళ్ళు, ఇలాంటివాటికి, కండలో హిస్టిడిన్ దండిగా ఉంటుంది. చేప చచ్చి వెచ్చగా పడి ఉంటే దాని మొప్పల్లోనూ పేగుల్లోనూ ఉన్న సూక్ష్మజీవులు ఆ హిస్టిడిన్‌ని హిస్టమిన్‌గా మారుస్తాయి. ఎండలో కొద్ది గంటలు చాలు. చెరువు చేపల్లో, మన రాగండి, బొచ్చెల్లో, ఆ ముడిసరుకే తక్కువ. తాజా చేపలో కిలోకి 10 మిల్లీగ్రాములకన్న తక్కువ ఉండే హిస్టమిన్, పాడైనదాంట్లో కిలోకి 1000 మిల్లీగ్రాములు కూడా దాటవచ్చు. ఇంకా పెద్ద చిక్కు ఏమిటంటే, వండితే సూక్ష్మజీవులు చస్తాయి గాని అప్పటికే తయారైన హిస్టమిన్ చావదు. వేయించండి, పులుసు మరగబెట్టండి, డబ్బాలో పెట్టి ఆవిరిలో ఉడికించండి, మంచుపెట్టెలో గడ్డకట్టించండి, అది అలాగే ఉంటుంది. రంగు మారదు, తరచు వాసన కూడా రాదు. నాలుక మీద ఆ మిరియాల చిమచిమ ఒక్కటే కొన్నిసార్లు కబురు చెబుతుంది. నాకు చెప్పింది, నేనే వినలేదు.

ఈ చేప విషం పాతదే. 1830లో ఎడిన్‌బరో వైద్య పత్రికలో హెండర్సన్ అనే ఆయన, సూర జాతికి చెందిన బొనీటో చేప తిన్న ఓడవాళ్ళకి ఇలాంటి బాధ కలిగిందని రాశాడు. పాపం, అప్పటికి హిస్టమిన్ అనే మాటే పుట్టలేదు. కారణం వెతికిన ఘనత జపానువాళ్ళకి ఎక్కువ దక్కాలి, వాళ్ళు తినే చేపలు అలాంటివి మరి. 1950ల్లో వాళ్ళు మోర్గానెల్లా అనే సూక్ష్మజీవిని పట్టుకున్నారు. అయినా 1973లో ఎండబెట్టిన ఒక రకం చేపలు తిని అక్కడ 2,656 మంది ఒక్కసారిగా జబ్బుపడ్డారు. అదే ఏడు అమెరికాలో డబ్బాలో పెట్టి అమ్మిన సూర చేప తిని 232 మంది పడ్డారు. డబ్బాలో ఉడికినది కదా అని నమ్మినవాళ్ళు పాపం. చివరకి 1991లో అమెరికాలో చేప తిని జబ్బుపడిన ముగ్గురి మూత్రంలో హిస్టమిన్ కొలిచి చూపించాక, దోషి ఇదేనని గట్టిపడింది. 2012లో ఆహార వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ పిలిచిన నిపుణులు కూర్చుని, ఆరోగ్యవంతులు ఒక పూట 50 మిల్లీగ్రాముల దాకా తట్టుకుంటారని లెక్కకట్టారు. పావు కిలో చేప ఒక పూట తిండి అనుకుంటే, కిలోకి 200 మిల్లీగ్రాములు హద్దు అయిందన్నమాట. మన దేశపు ఆహార నిబంధనల్లోనూ చేపకి హిస్టమిన్ హద్దు ఉంది. అయితే గంపలో గోనె కింద ఉన్న చేపని కొలిచేదెవరు?

మన కానాగంత గురించి ఒక చిత్రమైన సంగతి. దానికి శాస్త్రజ్ఞులు పెట్టిన లాటిన్ పేరులో రెండో మాట 'కానగుర్త'. అచ్చంగా మన బెస్తవాళ్ళ మాటే! ప్యాట్రిక్ రస్సెల్ అనే కంపెనీ వైద్యుడు 18వ శతాబ్దం చివర మా విశాఖపట్నంలో ఉండి, ఒడ్డుకి వచ్చిన చేపలకి బొమ్మలు గీయించి, తెలుగు పేర్లతో సహా రాసుకున్నాడు. 1803లో లండన్‌లో 200 చేపలతో అచ్చయిన ఆ పుస్తకం చూసి ప్యారిస్‌లో క్యూవియే ఆ తెలుగు పేరునే ఉంచేశాడు. హిస్టమిన్ విషం గురించి ప్రపంచంలో ఎక్కడ చదివినా ఈ చేప జాతి తగులుతూనే ఉంటుంది. చేపదేం తప్పు లేదు లెండి, ఎండది, ఆలస్యానిది.

ఇంతదాకా వచ్చినా, ఆరుగురిలో ఒక్కదానికే ఎందుకయిందన్న మా అత్తయ్యగారి ప్రశ్న అలాగే ఉంది. మంచి ప్రశ్నే అది, జవాబు మాత్రం ఆవిడ అనుకున్నది కాదు.

1952లో ఐసోనయాజిడ్ అనే మందు క్షయకి పనిచేస్తుందని తేలింది. అంతకుముందు క్షయ వస్తే మదనపల్లె లాంటి చోట శానిటోరియంలో నెలలు, సంవత్సరాలు ఉండాలి. చోటు దొరికేవాళ్ళు కొద్దిమంది. 1956లో మద్రాసులో పరిశోధన కేంద్రం పెట్టి, 193 మంది బీద రోగుల్ని తీసుకుని, కొందరిని శానిటోరియంలో, కొందరిని ఇళ్ళలోనే ఉంచి అవే మందులిచ్చారు. పాలు, మాంసం, విశ్రాంతి, మంచి గాలి అన్నీ శానిటోరియంవాళ్ళకే. ఇళ్ళలో ఉన్నవాళ్ళకి ఇరుకు గది, బీద తిండి. 1959లో ఫలితాలు వచ్చాయి. ఇంట్లో ఉన్నవాళ్ళూ దాదాపు అంతే బాగా కోలుకున్నారు. ప్రపంచమంతా క్షయకి ఇంటిపట్టున మందు ఇవ్వడం దాని తరవాతే ఊపందుకుంది. మందు డబ్బా శానిటోరియంనుంచి మన వంటింటి గూట్లోకి వచ్చింది, ఉప్పు జాడీ పక్కకి. రోగి ఏం తింటోందో చూసే పని కూడా డాక్టర్లనుంచి మన చేతికొచ్చింది. అయితే ఆ సంగతి మనకెవరూ చెప్పలేదు.

ఈ ఐసోనయాజిడ్‌కి ఒక పక్కపని ఉంది. పేగులో కాపలా ఉన్న డయమీన్ ఆక్సిడేజ్‌ని అది మొద్దుబారుస్తుంది. మామూలువాళ్ళకి నాలుక చిమచిమతో పోయే చేప, ఆ మందు వాడేవాళ్ళకి నేరుగా రక్తంలోకి దూసుకుపోతుంది. దీన్ని బాగా పట్టించుకున్నది మన పక్కనున్న శ్రీలంకలో. అక్కడ సూర చేప నిత్యాహారం. క్షయ మందు వాడుతూ ఆ చేప తిన్న రోగులు ముఖం ఎర్రబడి, తలనొప్పి, దడతో రావడం చూసి ఉరగోడ, కొట్టెగోడ అనే వైద్యులు 1977లో ఆ సంగతి ప్రకటించారు. మా ఇంట్లో జరిగినదాన్ని ఎవరో ముందే రాసిపెట్టినట్టు ఉంది, చదువుతుంటే.

ఇలాంటిదే మరొకటి. ఐసోనయాజిడ్‌కి చెల్లెల్లాంటి ఐప్రోనయాజిడ్ అనే మందు అదే 1952లో క్షయ రోగులకి ఇస్తే వాళ్ళు మహా హుషారెక్కిపోయారు. కారణం కనిపెట్టింది ఇందాకటి జెల్లరే. ఒంట్లో ఉన్న మరో విరిచే ఎంజైముని ఆ మందు ఆపేస్తుందని ఆయన తేల్చాడు. దాంతో దిగులుజబ్బుకి మందులు పుట్టాయి. కొన్నేళ్ళకి ఇంగ్లండులో ఒక మందుల షాపు ఆయన, తన భార్య ఆ జాతి మందు వాడుతూ జున్నులాంటి చీజ్ తిన్నప్పుడల్లా భరించలేని తలనొప్పి వస్తోందని గమనించి డాక్టరుకి ఉత్తరం రాశాడు. చీజ్‌కీ తలనొప్పికీ ఏమిటి సంబంధమని మొదట నవ్వుకున్నారు. 1963లో బ్యారీ బ్లాక్‌వెల్ అనే లండన్ డాక్టరు అది నిజమేనని రాశాడు. నిలవ చీజ్‌లో హిస్టమిన్‌కి బంధువైన టైరమిన్ ఉంటుంది, మందు వల్ల అది విరగక రక్తపు పోటు ఎగిరిపోతోంది. డాక్టర్లకి తట్టనిది ఇంట్లో పక్కన కూర్చుని భార్య ఏం తింటోందో చూసిన మనిషికి తట్టింది.

ఈమధ్య ఇంకొక ధోరణి బయల్దేరింది. మందులేమీ వాడకపోయినా, పుట్టుకతోనో పేగు జబ్బుతోనో ఈ ఎంజైము తక్కువైనవాళ్ళు కొందరుంటారనీ, నిలవ చీజ్, ద్రాక్షసారా, పులియబెట్టినవి, టమాటా, పాలకూర, వంకాయ తింటే వాళ్ళకి తలనొప్పులూ దద్దుర్లూ వస్తాయనీ 1990లనుంచి యూరపులో గట్టిగా పరిశోధిస్తున్నారు. కొందరికి నిజమే కావచ్చు. మన వంకాయ జిల కూడా కొంత అదేనేమో, వంకాయలో హిస్టమిన్ ఉన్న మాట వాస్తవం. అయితే ఇది ఉందని ఖాయంగా చెప్పే పరీక్ష ఇంకా కుదరలేదు. ఎవరో చెప్పారని పిల్లలకి పెరుగు, టమాటా, వంకాయ అన్నీ మానిపించే తల్లుల్ని చూస్తున్నాను. అది నాకు నచ్చదు. ఒక నోటుపుస్తకంలో తిన్నదీ, బాధ వచ్చిన వేళా రాసి పెట్టుకుని డాక్టరుకి చూపించండి. ఆ మందుల షాపు ఆయన చేసింది అదే కదా.

చేప కొనేటప్పుడు ఐసులో ఉన్నదే కొనండి. ఇంటికి రాగానే పొట్టా మొప్పలూ తీసి కడిగి, వండేదాకా ఫ్రిజ్‌లో పెట్టండి. గట్టు మీద వదిలి టీవీ ముందు కూర్చోకండి. ఇంట్లో క్షయ మందు వాడేవాళ్ళుంటే ఆ ఆరు నెలలూ సూర, కానాగంత, కవ్వళ్ళు, వాటి ఎండుచేపలు పక్కన పెట్టి, చెరువు చేపో గుడ్డో పప్పో పెట్టండి. బలం వాటిలోనూ ఉంది. తిన్న కాసేపటికి ముఖం ఎర్రబడి గుండె దడ వస్తే డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళండి, ఏం తిన్నదీ చెప్పండి. ఊపిరి ఆడకపోతే క్షణం ఆలస్యం చెయ్యకూడదు. బిళ్ళలు మాత్రం మీ అంతట మీరు ఆపకండి, మా ఇంట్లోలాగా.

మా తోటికోడలికి కళ్ళె పరీక్ష మళ్ళీ చేసి, పోయిన రోజులు కలిపి మందు కొనసాగించారు. ఆ ఆరు నెలలూ మా ఇంట్లో కానాగంత అడుగుపెట్టలేదు. అత్తయ్యగారు కొన్నాళ్ళు నాతో సరిగ్గా మాట్లాడలేదు. తరవాత ఒక రోజు తానే గ్లాసుతో నీళ్ళు తెచ్చి ఆ పిల్ల చేతిలో బిళ్ళ పెట్టడం చూశాను, నేనేమీ అనలేదు. మందు పూర్తయి, ఇక అక్కర్లేదని డాక్టరు చెప్పిన తరవాత వచ్చిన ఆదివారం తెల్లవారకముందే మా వారిని లేపి ఫిషింగ్ హార్బరుకి వెళ్ళాను. పడవలోంచి దిగుతున్న ఐసు పెట్టెలోనుంచి డజను కానాగంతలు ఏరుకుని, దారిలో ఇంకో రెండు కిలోల ఐసు కొని, బుట్ట నిండా కప్పుకుని వచ్చాను. పులుసు పెట్టాను. ఆమె తింటుంటే ఇంటిల్లిపాదీ ఆమె ముఖంకేసే చూస్తున్నాం. అత్తయ్యగారి చూపు ఒకసారి గడియారం మీద, ఒకసారి కోడలి చెవుల మీద. అరగంట గడిచింది. ముప్పావుగంట గడిచింది.

"అక్కా," అంది ఆ పిల్ల, వేళ్ళు నాకుతూ, "చింతపండు కాస్త తక్కువైంది."